గ్రీన్‌ టీతో నాజూగ్గా...
గ్రీన్‌ టీ తాగితే చాలు, ఒళ్లు దానంతటదే తగ్గుతుందనుకుంటారు చాలామంది. ఆ నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. ఇందులో ఉండే ఈజీసీజీ అనే కెటెచిన్‌, కెఫీన్‌తో కలిసి ఒంట్లో క్యాలరీల ఖర్చును కాస్త పెంచుతుంది. 1999లో వెలువడిన జెనీవా పరిశోధనలో, పదిమంది పురుషులకు గ్రీన్‌ టీ సారాన్ని ఇచ్చి చూస్తే ఆ ఖర్చు 4 శాతం పెరిగింది. అయితే బరువు తూచినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఉండదని, పలు అధ్యయనాలను పరిశీలించిన కాక్రేన్‌ సమీక్ష 2012లో తేల్చింది. పోనీ, త్వరగా తగ్గాలని గ్రీన్‌ టీ మాత్రలు మింగితే మొదటికే మోసం. వాటి ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీ ఒంట్లోకి చేరితే కాలేయం దెబ్బతినే ప్రమాదముందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కాబట్టి చక్కెర కలపకుండా రోజుకో రెండు కప్పులు హాయిగా తాగండి. నడక మాత్రం మానకండి!