ఊట ఒకచోట, పూత ఒకచోట

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ నగరంలోనూ, దాని చుట్టూ పెరిగిన కాలనీలలోనూ మోటార్ల మోత మొదలవుతుంది. బోర్ల నుంచి నీళ్ళు తోడుకోవడానికి కాదు. అపార్టుమెంట్ల సెల్లార్ల నుంచి నీళ్ళు బయటకు పోయడానికి. వేసవిలో ట్యాంకరు కోసం పడిగాపులు పడిన ఇంటివారే నాలుగు నెలలు తిరక్కుండా నీటిని వదిలించుకోలేక తలలు పట్టుకుంటున్నారు. కొన్ని చోట్ల వాన వెలిసి వారమైనా గోడల వెంట నీరు కారుతూనే ఉంటుంది. మరికొన్ని చోట్ల చినుకు లేని మార్చి నెలలో సైతం నేల చెమ్మగిల్లి ఉంటుంది. ఈ తేడాలోనే రోగ లక్షణం ఉంది. దానిని గమనించకుండా గోడకు మందు పూయించడం, అది పెచ్చులూడితే మరొకరిని పిలిచి మళ్ళీ పూయించడం ఆనవాయితీ అయిపోయింది. డబ్బు ఖర్చవుతున్నది కాని నీరు ఆగడం లేదు.

ఇది కార్లు తడిసే సమస్య మాత్రమే కాదు. కరెంటు మీటర్ల బోర్డులు, జనరేటరు, లిఫ్టు గుంట, తాగునీటి సంపు చాలా భవనాలలో సెల్లార్‌లోనే ఉంటున్నాయి. వాచ్‌మన్ కుటుంబం వండుకుని పడుకునే గది కూడా తరచు అక్కడే. నీళ్ళు నిలిచిన నేల మీద మోటారు వైరు ఈడ్చుకుంటూ మొదట దిగేది ఆ వాచ్‌మనే. పై అంతస్తులలో ఉన్నవారికి అది అసౌకర్యం. అతనికి అది ప్రాణంతో చెలగాటం. భవనానికి కూడా ప్రమాదం తక్కువ కాదు. ఏళ్ళ తరబడి చెమ్మ పట్టిన పిల్లర్లలో ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ జాగా ఆక్రమించి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. అయిదంతస్తుల బరువు మోస్తున్నది ఆ పిల్లర్లే.

2020 అక్టోబరులో కుండపోత వానకు నగరంలో అనేక సెల్లార్లు నిండిపోయిన సంగతి ప్రజలు మరచిపోలేదు. 2024 జూలై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక శిక్షణ సంస్థ భవనం సెల్లార్‌లోకి వాననీరు దూసుకువచ్చి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. అది ఊట కాదు, వరద. అయినా భూమట్టానికి దిగువన ఉన్న గదిలోకి నీరు ఏ దారిన వస్తుందో ముందుగా చూసుకోకపోతే ఏమవుతుందో ఆ దుర్ఘటన చాటిచెప్పింది.

సెల్లార్‌లోకి నీరు రావడం వింత కాదు. హైదరాబాద్ నేల రాతినేల. పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి గ్రానైటు. కురిసిన వాన మట్టిలో, మొరంలో ఇంకి, రాయి తగలగానే దిగలేక పక్కకు మళ్ళుతుంది. రాతి పగుళ్ళ వెంట పాకుతుంది. పదీ పదిహేను అడుగుల లోతున తవ్విన సెల్లార్ ఆ నీటికి దిగుడుబావిలా ఎదురవుతుంది. చెరువు శిఖంలోనో, పూడ్చిన కుంట మీదనో, నాలా పక్కనో లేచిన భవనమైతే ఇక చెప్పనక్కర లేదు. గోడ వెనుక నీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, అడుగున ప్రతి చదరపు మీటరు మీద సుమారు ఒక టన్ను ఒత్తిడి పడుతుంది. మూడు మీటర్లు నిలిస్తే మూడు టన్నులు. ఆ ఒత్తిడికి లోపలి వైపు పూసిన రంగు గాని, పలుచని ప్లాస్టరు గాని ఎన్నాళ్ళు నిలబడగలదు?

కనుక ముందు తేలవలసింది మందు ఏది అని కాదు, నీరు ఎక్కడిది అని. సెల్లార్‌లోకి నీరు ముఖ్యంగా నాలుగు దారుల వస్తుంది: ర్యాంపు మీదుగానో పైకప్పు గొట్టాల నుంచో వచ్చే వాననీరు, భూగర్భ జలం, మంచినీటి పైపు లేదా సంపు కారడం, మురుగు గొట్టం పగలడం. వీటిని వేరు చేయడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక సుద్దముక్క, కాస్త ఓపిక ఉంటే సగం పని అవుతుంది.

చెమ్మ కనిపించిన ప్రతి చోటా అంచు వెంట సుద్దతో గీత గీసి తేదీ వేయాలి. వాన పడిన గంటా రెండు గంటలలోనే తడి పెరిగి, వాన ఆగగానే తగ్గితే అది పైనుంచి వచ్చే నీరు. వాన వెలిసిన రెండు మూడు రోజులకు పెరిగి వారాల తరబడి తగ్గకపోతే అది భూగర్భ జలం. అటువంటప్పుడు అన్నిటికంటే లోతైన లిఫ్టు గుంటలో ముందుగా నీరు కనిపిస్తుంది. నల్లా వచ్చే రోజున మాత్రమే తడి పెరిగితే పైపును అనుమానించాలి. ఏ కాలంలోనైనా ఒకే తీరుగా ఉండి, వాసన వేస్తే మురుగు గొట్టమే కారణం కావచ్చు.

అనుమానం తీర్చుకునే పరీక్షలూ ఉన్నాయి. రాత్రి మోటారు ఆపి, సంపులోకి వచ్చే వాల్వునూ, బయటకు పోయే వాల్వునూ మూసివేసి నీటిమట్టం వద్ద గుర్తు పెట్టాలి. తెల్లవారి మట్టం తగ్గి ఉంటే సంపే కారుతున్నట్లు. కారే సంపుకు మరో కీడు ఉంది. అది నిండుగా ఉన్నప్పుడు నీరు బయటకు పోతుంది. ఖాళీ అయినప్పుడు అదే పగులు గుండా బయటి మురికి లోపలికి వస్తుంది. మురుగు గొట్టం సంగతి తేల్చడానికి కింది అంతస్తు మరుగుదొడ్డిలో గాని, చాంబరులో గాని రంగునీళ్ళు పోసి గోడ మీద ఆ రంగు తేలుతుందేమో ఒకటి రెండు రోజులు కనిపెట్టాలి. ఊటనీటిలో క్లోరిన్ ఆనవాలు దొరికితే అది నల్లా నీరని చెప్పవచ్చు. దొరకనంత మాత్రాన కాదని చెప్పడానికి వీలులేదు. మట్టిలో ప్రయాణించేసరికి క్లోరిన్ హరించుకుపోతుంది. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్న టీడీఎస్ మీటరు కూడా ఇక్కడ పనికివస్తుంది. సాధారణంగా బోరు నీటిలో లవణాలు ఎక్కువ, నల్లా నీటిలో తక్కువ. ఊటనీరు దేనికి దగ్గరగా ఉందో పోల్చి చూడాలి.

ఒక్కొక్కప్పుడు గోడ మీది తడి అసలు ఊటే కాకపోవచ్చు. గాలి ఆడని సెల్లార్‌లో ఆవిరి చల్లని గోడకు తగిలి చెమర్చడం కద్దు. గోడను తుడిచి, అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయాలి. కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు నీటిబొట్లు కనిపిస్తే నీరు గోడలోంచి వస్తున్నట్లు. పైవైపు మాత్రమే తడి ఉంటే గాలిలోని చెమ్మే. అప్పుడు కావలసింది మందు కాదు, గాలి ఆడే కిటికీలు, ఫ్యాన్లు.

మూలం తెలిశాక వైద్యం సులువవుతుంది. పైనుంచి వచ్చే నీటికి పైనే అడ్డుకట్ట వేయాలి. ర్యాంపు తలలో కొద్దిగా ఎత్తు కట్టి, దాని ముందు జాలీ మూతతో కాలువ పెట్టాలి. పైకప్పు గొట్టాలను గోడ మొదట వదలకుండా దూరంగా తీసుకుపోవాలి. ప్రహరీకి, భవనానికి మధ్య నేల బయటకు వాలుగా ఉండాలి. ఇంకుడు గుంత విషయంలోనూ ఒక మాట చెప్పవలసి ఉంది. ఇంకుడు గుంత ఈ నగరానికి అత్యవసరం. కాని జాగా లేదని సెల్లార్ గోడను ఆనుకుని తవ్వితే, ఒక చేత్తో నీటిని భూమిలోకి పంపి మరో చేత్తో ఇంట్లోకి రప్పించుకున్నట్లే అవుతుంది. దానికి వీలైనంత దూరపు మూల ఎంచుకోవాలి.

గోడ, నేల కలిసే చోట, పైపులు గోడలోంచి వచ్చే చోట, కాంక్రీటు సరిగా కూరక గుల్లగా మిగిలిన చోట నీరు చిమ్ముతుంటే పైపూత పనికిరాదు. ఆ పగులులోకి రంధ్రాలు వేసి, నీరు తగలగానే పొంగి గట్టిపడే పాలీయురిథేన్‌ను ఒత్తిడితో ఎక్కించాలి. ఎపాక్సీ ఎక్కించేది సాధారణంగా పొడిగా ఉన్న పగుళ్ళకు, అదీ బలం చేకూర్చడానికి. ఈ రెండింటి తేడా తెలియని పనివారికి గోడను అప్పగించరాదు. భూగర్భ జలమే ఎక్కువగా ఉన్న చోట అన్ని రంధ్రాలూ మూసి నీటిని బంధించాలనుకోవడం కూడా పొరపాటే. ఒత్తిడికి తగ్గట్టు కట్టని నేల ఉబ్బి పగిలిపోవచ్చు. అక్కడ గోడల వెంట కాలువ తీసి, నీటిని ఒక గుంటలోకి మళ్ళించి, నీరు పెరిగినప్పుడు దానంతట అది నడిచే మోటారు పెట్టడమే మార్గం. ఆ మోటారు వైరింగుకు ఎర్త్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే రక్షణ స్విచ్చి తప్పనిసరి. చువ్వలు బయటపడిన చోట, తుప్పు మరకలు కనిపించిన చోట మేస్త్రీ మాట చాలదు. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూడాలి.

తోడిన నీటిని వీధిలోకి వదలడం మరో దురలవాటు. ఆ నీటికి రోడ్డు చెడిపోతుంది, పక్క భవనం సెల్లార్ నిండుతుంది. మురుగు గొట్టంలోకి వదిలితే కింది వీధిలో మ్యాన్‌హోలు పొంగుతుంది. ఊట మురుగుది కాదని పరీక్షలో తేలితే ఆ నీటిని చెట్లకు, మరుగుదొడ్ల ట్యాంకులకు వాడుకోవచ్చు. ట్యాంకరుకు డబ్బు పోసే భవనానికి ఇది లాభసాటి కూడా.

ఖర్చు ఎవరిదన్న తగాదా ప్రతి చోటా వస్తున్నది. నాలుగో అంతస్తులో ఉన్న తనకు సెల్లార్‌తో ఏం పని అనే సభ్యులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ వాదన నిలవదు. 2016 నాటి రెరా చట్టం ఉమ్మడి సెల్లార్లను అందరికీ చెందిన భాగాలలోనే చేర్చింది. పునాది తడిస్తే పై అంతస్తు గాలిలో నిలవదు. అదే చట్టం 14వ సెక్షన్ మరొక హక్కు కూడా ఇచ్చింది. దాని కిందికి వచ్చే భవనాలలో, ఫ్లాటు స్వాధీనం చేసిన అయిదేళ్ళలోపు నిర్మాణ లోపాన్ని గాని, పనితనంలోని లోపాన్ని గాని తెలియజేస్తే, బిల్డరు 30 రోజులలో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే కొనుగోలుదారులు నష్టపరిహారానికి అర్హులు. కాని నోటి మాటగా చెప్పి ఊరుకుంటున్నవారే ఎక్కువ. ఫొటోలతో, తేదీలతో రాతపూర్వకంగా తెలియజేయాలి. పైన చెప్పిన నోటుపుస్తకం ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది.

అధికారుల బాధ్యతా ఉంది. సెల్లార్ గోడలు, నేల నీరు చొరకుండా ఉండాలనీ, పైనీరు లోపలికి రాకుండా ఏర్పాటు ఉండాలనీ 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి స్పష్టంగా చెబుతున్నది. ప్లాను మంజూరు చేసేటప్పుడు పార్కింగు లెక్క చూసినంత శ్రద్ధగా ఈ నీటి ఏర్పాటును కూడా చూడాలి. పాత తారును చెక్కకుండా పొర మీద పొర వేసి రోడ్డును ఇళ్ళ గడపలకంటే ఎత్తు చేసే పద్ధతికి స్వస్తి చెప్పాలి. వీధిలో పైపు కారుతున్నదన్న అనుమానంతో ఫిర్యాదు వస్తే, తవ్వి చూసి జవాబు చెప్పే వ్యవస్థ నగరపాలక సంస్థకు, జలమండలికి ఉండాలి. వీధి పైపు కారినప్పుడు ఇంటివారు ఎన్ని మందులు పూసినా ప్రయోజనం ఉండదు.

వానలు తగ్గగానే ఈ సంగతి మరచిపోవడం, మళ్ళీ మొదటి వానకు ఉలిక్కిపడడం ఏటా జరుగుతున్నదే. గుర్తులు పెట్టి కనిపెట్టవలసిన కాలం వానాకాలం. కనిపెట్టినదాన్ని బాగుచేయవలసిన కాలం ఎండాకాలం. ఈ వానలలోనే ప్రతి అపార్టుమెంటు సంఘం ఒక సభ్యునికి ఆ నోటుపుస్తకం అప్పగించాలి. అంతకంటే ముందు, ఈ పూటే, నీటికి అందే ఎత్తులో ఉన్న స్విచ్చి బోర్డులను పైకి జరిపించాలి. వాచ్‌మన్ కుటుంబం నిద్రించే చోటును పై మట్టానికి మార్చాలి. గోడలకు వైద్యం నెమ్మదిగా జరిగినా నష్టం లేదు. మనుషుల రక్షణ వచ్చే వాన దాకా ఆగరాదు.