ఖాళీగా ఉంటానట!

"ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఈ చీరకి కాస్త ఫాల్ కుట్టిపెట్టమ్మా" అంటారు. ఖాళీట! చేత్తో హెమ్మింగ్ చేస్తే ఒక్క చీరకే గంట పైన పడుతుంది. అంతకు ముందే ఫాల్ తడిపి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. లేకపోతే మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి చీర అంచంతా ముడతలు పడుతుంది. బజార్లో టైలర్ అడిగినంతా ఇచ్చేవాళ్ళే, నా దగ్గరికొచ్చేసరికి "మనలో మనకి డబ్బులేంటి" అంటారు. ఫాలూ, దారం కూడా నావే మరి!

వచ్చిన పనితో నాలుగు డబ్బులు సంపాదించుకోమని సలహా ఇచ్చేదీ వీళ్ళే. తప్పు మనదీ ఉందిలెండి. ఎంతివ్వాలని అడిగితే "మీ ఇష్టం అత్తయ్యా" అని నసుగుతాం.

1959లో ముంబైలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తారు. అదే ఇవాళ్టి లిజ్జత్. మొదటి నాలుగు ప్యాకెట్లు తెలిసిన వ్యాపారికే ఇచ్చారు. తెలిసినవాడు కదాని ఊరికే ఇవ్వలేదు, అమ్మారు.

మొన్న మా వదిన మూడు చీరలు తెచ్చింది. "ఒక్కోదానికి 120 వదినా" అన్నాను, గుండె దడదడలాడుతుండగా. మొహం మాడ్చుకుని, రెండు నా చేతిలో పెట్టి, మూడోది సంచీలో పెట్టుకుని వెళ్ళింది.