పోర్టికో బరువు పోర్టికోనే మోయాలి

పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు రాయడం రిటైరయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించి విషయం చూడండి.

పోయిన ఆదివారం మీటింగులో, మన దేవనహళ్ళి లేఔట్లో ఇరవై ఇళ్ళకి ఒకే కాంట్రాక్టరు చేత పోర్టికోలు వేయిద్దామన్నారు. రేటు మంచిదే, పద్ధతే నాకు నచ్చలేదు. ముందు వైపు రెండు పిల్లర్లు లేపి, ఇంటి వైపు మాత్రం గోడకి డ్రిల్లింగు చేసి ఇనుప బీము బోల్టులతో బిగిస్తారట. రెండు పిల్లర్ల ఖర్చు మిగులుతుందట. నేను వద్దంటే ఒకాయన "మీకు పార్సిల్ ఆఫీసు తెలుసు గానీ బిల్డింగు పని ఏం తెలుసు సార్" అన్నారు.

సరే, పార్సిల్ గుమాస్తా లెక్కే చెప్తాను. 12 అడుగులు, 10 అడుగులు, 5 అంగుళాల మందం స్లాబు అంటే దాదాపు 3500 కిలోలు. అందులో సగం మీ ఇంటి గోడకి వేలాడుతుంది. గోడ ఏమిటి? మనలో చాలామందివి ఆరంగుళాల సిమెంటు బ్లాకు గోడలు. పాత ఇళ్ళలో దూలం అడుగున్నర మందం గోడ లోపలికి పోయి కూర్చునేది. కూర్చోవడం వేరు, బోల్టు పట్టుకుని వేలాడడం వేరు.

రేకులైతే తేలిక కదా అంటారు. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు గాలి ఎలా కొడుతుందో తెలియదా? రేకు కిందికి లాగదు, పైకి ఎగదన్నుతుంది. ఆ గుంజుడూ అవే బోల్టులు తట్టుకోవాలి.

నేను ఆరేళ్ళ కింద ఇలాగే వేయించుకున్నాను. చేసినవాళ్ళ పేరు వద్దు. రెండో వానాకాలంలో మా ఆవిడ "గోడ మీద కాఫీ ఒలికిందేమండీ" అంది. కాఫీ కాదు, బోల్టు తుప్పు. బీముకీ గోడకీ మధ్య సందులోంచి నీళ్ళు దిగుతున్నాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న బ్లాకుని పగలగొడుతుంది. పైగా ఇల్లు ఎప్పుడో సర్దుకుని కూర్చుంది, కొత్త పిల్లర్ల కింద పోసిన మట్టి అప్పుడప్పుడే కుంగుతోంది. మొదట వెంట్రుక అంత చీలిక, తర్వాత రూపాయి బిళ్ళ దూరేంత. మనవడు సైకిలు ఆడుకునేది ఆ కిందే. పోయిన ఏడు మొత్తం విప్పించేశాను. విప్పడానికైన కూలితో ఆ రెండు పిల్లర్లూ వచ్చేవి.

2015 జూన్‌లో అమెరికాలో బర్కిలీ ఊళ్ళో ఒక బాల్కనీ విరిగి 6 మంది చిన్న వయసువాళ్ళు పోయారు. గోడలోంచి బయటికి వచ్చిన చెక్క దూలాలు తడికి కుళ్ళిపోయాయి, పైకి ఏమీ తెలియలేదు. చెక్కయినా ఇనుమైనా నీళ్ళు దిగేది ఆ అతుకు దగ్గరే.

కాంక్రీటు పిల్లర్లతో కట్టిన ఇల్లయితే, ఇంజనీరు డ్రాయింగు చూసి, ఆ పిల్లరుకే బిగించి చేయచ్చంటే నాకు అభ్యంతరం లేదు. ఉట్టి బ్లాకు గోడకి మాత్రం వద్దు. ఇంటి వైపు కూడా రెండు పిల్లర్లు వేయండి, వాటికి వేరే పునాది, గోడకీ పోర్టికోకీ మధ్య ఒక అంగుళం ఖాళీ, దాని మీద నీళ్ళు దిగకుండా ఒక రేకు. రేటు పెరుగుతుంది, నిజమే. ఇరవై ఇళ్ళకి కలిపి బేరం చేస్తున్నాం కదా, ఆ పిల్లర్లకీ కలిపి చేద్దాం.

మా గోడలోంచి పీకిన బోల్టులు రెండు దాచాను. వచ్చే ఆదివారం తెస్తాను. చేయెత్తే ముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి.