పంటి వైద్యుడు బూచియా?

పాలపన్ను కదలుచున్న ఆరేండ్ల బిడ్డను చూడని ఇల్లు తెలుగునాట ఉండదు. బిడ్డ ఆ పంటిని నాలుకతో నెట్టును, వ్రేళ్లతో ఊపును, అద్దము ముందు నిలిచి ఎంత వంగినదో చూచుకొనును, తోటిపిల్లలకు చూపి గర్వపడును. చివర కొకనాడు తానే పుటుక్కున పెరికి, నెత్తురంటిన ఆ చిన్న పలుకును అరచేతిలో పెట్టుకొని తల్లి కడకు పరుగెత్తును. దానిని పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరుట పల్లెలలో ఒక చిన్న పండుగ. ఆ సందడిలో నొప్పి యున్నది, నెత్తురున్నది. భయము మాత్రము లేదు.

ఆ బిడ్డనే రెండేండ్ల తరువాత దంతవైద్యుని కుర్చీలో కూర్చుండబెట్టినచో గది దద్దరిల్లునట్లు ఏడ్చును. పదునెనిమిదేండ్లు వచ్చిన పిమ్మట ఏడువడు గాని, ఆ వీధికే పోవుట మానుకొనును. నలుబదియేండ్ల వయస్సున బుగ్గ వాచి, రాత్రులు కంటికి కునుకు లేకున్నను, లవంగనూనెలో ముంచిన దూదిని పంటి క్రింద నొక్కుకొని, “రేపు చూతము” అనును. నెత్తురునకు వెరవని బిడ్డ కుర్చీకి ఏల వెరచుచున్నాడు? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరికినచో ఆ భయమునకు మందు కూడ దొరికినట్లే.

ఇంటిలో పంటిని పెరికిన చేయి బిడ్డది. వైద్యాలయములో ఆ చేయి పరులది. భేద మంతయు ఇందే యున్నది. ఇంటిలో నొప్పి యెక్కువైనప్పుడు ఆపుట బిడ్డ వశము, మరల మొదలిడుట బిడ్డ వశము. కుర్చీలో వెల్లకిల పండుకొని, నోరు తెరచి, మాటాడుటకు వీలులేక, ఏ క్షణమున ఏమి జరుగునో యెరుగక యుండవలెను. మనుష్యుడు తెలిసిన నొప్పికన్న, ఎప్పుడు వచ్చునో తెలియని నొప్పికి హెచ్చుగా జడియును. అట్టి స్థితిలో గుండె వేగముగ కొట్టుకొనుట, అరచేతులు చెమర్చుట దేహధర్మములు. వానికి పిరికితన మని పేరు పెట్టుట అన్యాయము.

ఈ భయమునకు ఒక పూర్వచరిత్రయు కలదు. పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు పన్ను పెరుకుట యనగా తెలివితో నున్న మనుష్యుని గట్టిగా పట్టుకొని పెరుకుటయే. 1844 డిసెంబరు 11వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువును పీల్చి, తన పంటినే తోటి వైద్యునిచేత పెరికించుకొనెను. 1846లో బోస్టను నగరమున ఈథరు ప్రయోగించి, శస్త్రచికిత్సలో రోగికి బాధ లేకుండ చేయవచ్చునని వైద్యులయెదుట నిరూపించిన విలియం మోర్టనుకూడ దంతవైద్యుడే. నొప్పికి మారుపేరుగ లోకము భావించు వృత్తివారే, లోకమునకు నొప్పి లేని చికిత్సను చూపినవారిలో ముందువరుసవా రగుట చిత్రము. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటి చికిత్సకు కొకెయినును వాడి, మనుష్యునకు తెలివి తప్పకుండగనే ఒక్క అవయవమునకు మాత్రము స్పర్శ తెలియకుండ చేయు మార్గమును చూపెను. 1943లో స్వీడనులో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకెయిన్ నేటికిని దంతవైద్యుల చేతిలోని ముఖ్యమైన మందు. తాతలనాటి భయమునకు తాతలనాటి కారణ ముండెను. నేడు ఆ కారణము చాలవరకు తొలగిపోయినను, భయము చెల్లని నాణెమువలె చేతులు మారుచునే యున్నది.

అది ఎట్లు చేతులు మారుచున్నది? మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ రాక్మన్ 1977లో భయము అలవడు మార్గములు మూడని వివరించెను. స్వయముగ బాధ పడుట మొదటిది. ఒకరు భయపడుచుండగా చూచుట రెండవది. భయము గొలుపు మాటలు వినుట మూడవది. తెలుగు ఇండ్లలో రెండవ, మూడవ మార్గములు రాచబాటలు. “అల్లరి చేసితివా, డాక్టరు గారిచేత సూది పొడిపించెదను” అను బెదిరింపు వినక పెరిగిన బిడ్డలు అరుదు. అన్నము తినకున్న సూది, నిద్రపోకున్న సూది. రోగమును మాన్పు వైద్యుని బూచివానిగ నిలిపి, అవసరము వచ్చిననాడు ఆ బూచి చేతికే బిడ్డను అప్పగించి, “భయపడకుము” అనుటలో న్యాయ మేమున్నది? పెద్దలు చెప్పుకొను కథలు దీనికి తోడు. భారతదేశమున మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో నెలకొల్పినది 1920లో. అటు పిమ్మటను చాల యేండ్లు సామాన్యునికి దొరికినది సంతలో పట్టకారు పట్టుకొని కూర్చుండు మనుష్యుడే. ఆ పట్టకారు కథలు పిల్లలు నిద్రపోవుచున్నా రనుకొని పెద్దలు చెప్పుకొందురు, పిల్లలు నిద్రపోరు.

ఇట్లు నాటిన భయమును ఆలస్యము నీరుపోసి పెంచును. పంటి పైనుండు గట్టి పింగాణి పొరలో నరములు లేవు. కావున పన్ను పుచ్చుట ఆరంభించిన దినములలో బాధ తెలియదు. అప్పుడు చికిత్సయు స్వల్పమే. లోపలి మెత్తని గుజ్జును పుచ్చు సమీపించినప్పుడు గాని సాధారణముగ తీవ్రమైన నొప్పి మొదలు కాదు. భయస్థుడు అప్పటికిని కదలడు. తుదకు చీము పట్టి, వాపు వచ్చి, గత్యంతరము లేక వైద్యుని కడకు పోవును. వాచి చెడిన కండలో ఆమ్లగుణము హెచ్చుటవలన తిమ్మిరి మందు సరిగా పనిచేయదు. ముందే వచ్చినవానికి తెలియని నొప్పి, ఆలసించి వచ్చినవానికి తెలియును. “చూచితిరా, నేను భయపడుట నిజమే గదా!” అని యతడు ఇంటికి వచ్చి చెప్పును. పిల్లలు విందురు. భయము ఆలస్యమును, ఆలస్యము నొప్పిని, నొప్పి మరల భయమును కనుచుండును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట విరువవలెను.

విరుచుటకు మిక్కిలి సులువైన చోటు మొదటి దర్శనము. పన్ను నొచ్చకముందే బిడ్డను వైద్యుని కడకు తీసికొనిపోవలెను. ఆనాడు పని ఏమియు ఉండదు. కుర్చీ పైకి లేచుట, క్రిందికి దిగుట చూచును, దీపము చూచును, నోరు తెరచి పండ్లు లెక్కింపించుకొని యింటికి వచ్చును. ఇది వ్యర్థమైన ప్రయాణముగ తోచవచ్చును. బాధకరమైన అనుభవమునకు ముందే బాధలేని దర్శనములు కొన్ని గలవారికి ఆ పిమ్మట భయము నాటుకొనుట తక్కువ యని బ్రిటిష్ మనస్తత్వవేత్త గ్రాహం డేవీ 1989లో ప్రకటించిన పరిశీలన తెలుపుచున్నది. మంచి జ్ఞాపకములు ముందుగ నాటుకొన్నచోట చెడ్డ జ్ఞాపకమునకు వేరూనుట కష్టము.

రెండవది సత్యము. “ఏమియు నొప్పి యుండదు” అని బిడ్డను మభ్యపెట్టి తీసికొనిపోవు తండ్రి, ఒక్క సూదిపోటుతో రెండు విశ్వాసములను పోగొట్టుకొనును: వైద్యునిపైని విశ్వాసము ఒకటి, తనపైని విశ్వాసము మరియొకటి. “చీమ కుట్టినట్లుండును, పది లెక్కించులోపల పోవును” అనుటయే మేలు. అమెరికను దంతవైద్యుడు అడెల్‌స్టన్ 1959లో పిల్లల చికిత్సకు మూడు మాటల సూత్రమును చెప్పెను: చెప్పుము, చూపుము, చేయుము. చేయబోవుదానిని బిడ్డకు తెలియు మాటలలో చెప్పుట, పనిముట్టును చూపి చేతిగోటిపై తిప్పి చూపుట, చెప్పినదానినే చేయుట. ఇది ఉపాధ్యాయులకు క్రొత్త విద్య కాదు. మంచి ఉపాధ్యాయుడు లెక్కలు చెప్పునది ఈ క్రమముననే.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. పోయిన వశమును రోగికి తిరిగి యిచ్చుట. “బాధ కలిగినచో ఎడమచేయి యెత్తుము, వెంటనే ఆపెదను” అని వైద్యుడు చెప్పి, చేయి యెత్తగనే నిజముగ ఆపినచో, ఆ రోగి మరల చేయి యెత్తు అవసరము తగ్గిపోవును. ఆపగల ననునదే ధైర్యము. పాలపంటిని ఊపుకొనిన బిడ్డకుండిన ధైర్యము అదియే. ఈ ఒప్పందమునకు ధనవ్యయము లేదు, యంత్రము లేదు. రోగుల వరుస పెద్దదని తొందరపడు వైద్యుడు దీనిని కాలహరణ మనుకొనవచ్చును; రోగి సగములో లేచిపోయి, రెండేండ్లకు ముదిరిన వ్యాధితో తిరిగి వచ్చుట అంతకన్న పెద్ద కాలహరణము.

వయస్సు వచ్చినవారికిని మార్గ మిదియే. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను విదుషీమణి, కుందేలును చూచి హడలిపోవు పసివానికి, ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును దినదినము కొంచెము దగ్గరకు తెచ్చి, తుదకు దానిని తాకునట్లు చేసెను. భయము మెట్లమీదుగ దిగునని దీనివలన తేలినది. మొదటిదినము వైద్యునితో మాటాడి వచ్చుట, మరియొకదినము పరీక్ష, పిదప పండ్లు శుభ్రము చేయించుకొనుట, అటుపిమ్మట చికిత్స. “నాకు భయము” అని కుర్చీ యెక్కకముందే చెప్పుటకు సిగ్గుపడరాదు. ఆ మాట వైద్యునికి రోగలక్షణము తెలిపినంత ఉపయోగకరము. భయము మరీ తీవ్రమైనచో మానసిక వైద్యుల సహాయము కలదు.

భయ మొక్కటియే జనులను వైద్యునకు దూరము చేయుచున్న దనుట సత్యము కాదు. పట్టణము దూరము, ఖర్చు భారము, ఒకదినపు కూలి నష్టము అను కారణములు పేదవానికి కలవు. వానికి ధైర్యము బోధించుట పరిహాసము; వైద్యమును దగ్గర చేయుటయే కర్తవ్యము. కాని దగ్గరకు వచ్చిన వైద్యమునకును భయస్థుడు దూరముగనే యుండును. కావున రెండు పనులును జరుగవలెను.

పాఠశాలకు ఇందు విశేషమైన బాధ్యత కలదు. తరగతిలో ఒక బాలుడు బుగ్గపై చేయి పెట్టుకొని, ప్రశ్న అడిగినను నోరు విప్పక కూర్చున్నచో, వాని మౌనమును పాఠము రాకపోవుటగ నెంచి దండించుట సులువు. అడిగి తెలిసికొనుట కొంచెము కష్టము. భయమును చెప్పుకొన్న బాలుని ఎదుట నవ్వినచో, ఆ బాలుడు నొప్పిని కూడ దాచుట నేర్చుకొనును. దేహశాస్త్ర పాఠమున పిల్లలచేత అద్దములో తమ పండ్లను తామే లెక్కింపజేయవచ్చును. ఆరేండ్లప్పుడు ఏ పాలపన్నును ఊడకుండగనే చివర మొలచు దవడపన్ను శాశ్వతమైనదని, దానిని పాలపన్నని పొరబడి నిర్లక్ష్యము చేయరాదని చెప్పవచ్చును. తమ నోటిని తాము ఎరిగిన పిల్లలకు పరులు దానిలోనికి చూచినప్పుడు కలుగు బెదురు సగము తగ్గును.

పెద్దలు చేయవలసిన మొదటి పని ఇంకను చిన్నది. ఈ సాయంకాలము అన్నము తినక మారాము చేయు బిడ్డయెదుట, డాక్టరు పేరు నోటివరకు వచ్చినప్పుడు దానిని అక్కడనే ఆపుట. ఆ ఒక్క మాట మానినచో, పాలపంటిని అరచేతిలో పెట్టుకొని నవ్వుచు పరుగెత్తి వచ్చిన బిడ్డ, ఆ నవ్వుతోనే ఒకనాడు కుర్చీ యెక్కి నోరు తెరచును.