గోలియత్ కప్ప చెరువుల్లో ఉండదు

ప్రపంచంలోకెల్లా పెద్దదైన గోలియత్ కప్ప గురించి ఫోన్లలో తిరిగే కథనం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పసిబిడ్డంత ఆకారం, పదిహేను కిలోల బరువు, ఆఫ్రికా చిత్తడి నేలల్లో కాపురం, మైళ్ల దూరం వినిపించే బెకబెకలు. ఇందులో ఆఫ్రికా అన్న మాట ఒక్కటే నిజం.

ముందు ఆ ఫోటోల సంగతి చూద్దాం. పట్టుకున్న మనిషి కప్పను కెమెరా వైపు బారచాపి చూపిస్తాడు. అతని ముఖం, ఛాతీ వెనక్కిపోయి చిన్నవిగా కనిపిస్తాయి, కప్ప బొమ్మంతా నిండిపోతుంది. కప్పను కాదు, దాన్ని పట్టుకున్న వేళ్లను చూడండి. అవి కూడా అతని తలతో పొసగనంత లావుగా ఉంటాయి. మోసం అక్కడే దొరుకుతుంది. 2021లో సాలమన్ దీవుల నుంచి వచ్చిన ‘పసిబిడ్డంత కప్ప’ ఫోటో ఈ బాపతుదే. పైగా అది గోలియత్ కాదు, వేరే జాతి. 2023 జనవరిలో ఆస్ట్రేలియాలో దొరికిన 2.7 కిలోల జీవిని కూడా కొందరు ఇదే ఖాతాలో వేశారు. అది 1935లో ఆ దేశానికి తెచ్చి వదిలిన గోదురుకప్పల సంతతి.

గోలియత్ కప్ప మూతి నుంచి పిరుదుల దాకా గరిష్ఠంగా 34 సెంటీమీటర్లు, బరువు సుమారు 3.3 కిలోలు. శాస్త్రజ్ఞులు కప్పను కొలిచేటప్పుడు కాళ్లు కలపరు. వెనక కాళ్లు చాపి కలిపితే అంకె రెండింతలు దాటుతుంది. అతిశయోక్తులకు ఒక మూలం ఇదే. బెకబెకల మాటా అబద్ధమే. ఈ జాతి మగకప్పలకు గొంతు సంచి లేదు. అవి ఈలలాంటి శబ్దం మాత్రమే చేస్తాయి.

కొలతల్లో తప్పును దిద్దుకోవచ్చు. నివాసం గురించి చెప్పే తప్పు ఆ జీవి ప్రాణం మీదికి తెస్తుంది. గోలియత్‌కు నిలవనీరు పనికిరాదు. కామెరూన్ నైరుతి భాగంలోనూ, దానికి దక్షిణాన ఉన్న ఈక్వటోరియల్ గినీలోనూ వర్షారణ్యాల మధ్య రాళ్ల మీద వడిగా దూకే ఏర్లు, జలపాతాల అంచులే దాని ఊరు. నీళ్లు తేటగా ఉండాలి, ప్రాణవాయువు పుష్కలంగా ఉండాలి. తోకకప్పల ప్రధాన ఆహారం జలపాతాల దగ్గర రాళ్లను అంటుకుని పెరిగే ఒక మొక్క. ఆ ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టి నీరు నిలబెట్టినా, అడవి కొట్టేస్తే కొట్టుకొచ్చిన మట్టి రాళ్లను కప్పేసినా ఆ మొక్క బతకదు. అది లేని చోట ఈ కప్పకు సంతానం లేదు.

కామెరూన్‌లోని మ్పౌలా నది ఒడ్డున చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ సంబంధాన్ని ఇంకా స్పష్టంగా చూపింది. ఈ కప్పలు నది పక్కన గూళ్లు కడతాయి. కొన్నిచోట్ల రాతి గుంటల్లోని ఆకులూ చెత్తా ఊడ్చేస్తాయి. మరికొన్నిచోట్ల కంకరలో గుంట తవ్వి, రాళ్లను అంచులకు నెట్టి గట్టులా పేరుస్తాయి. ఆ రాళ్లలో కొన్ని రెండు కిలోల దాకా తూగాయి. రాత్రిళ్లు గూటి దగ్గర కాపలా కూడా కాస్తాయి. ఇంత బరువు పని చేయాల్సి రావడమే వాటి భారీకాయానికి ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. నాకది బలమైన మాటగా తోస్తుంది. అంతటి కప్పను ఆ ఏటి నుంచి విడదీసి ఎక్కడైనా బతికే వింతజంతువుగా చూపడం అన్యాయం.

‘అంతరిస్తే ఫారాల్లో పెంచుకోవచ్చు’ అనేవారికీ జవాబుంది. బంధించి పెంచిన చోట అవి పిల్లల్ని పెట్టలేదు. మాంసం కోసం వేట, అడవుల నరికివేత, జంతువుల వ్యాపారం కలిసి ఈ జాతిని అంతరించే ప్రమాదమున్న జాబితాలోకి నెట్టాయి.

పత్రికలవారికీ, ఫోటోలు పంపేవారికీ నా విన్నపం ఒకటే. గోలియత్ బొమ్మ వేస్తే పక్కన దాని అసలు కొలత వేయండి, అది బతికే ఏటి ఫోటో కూడా వేయండి.