మా కొండకు ఒక దారి, మా నీళ్లకు ఒక కాలం చూపండి: రాయదుర్గం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



మార్చి దాటితే మా ఊళ్లో ఇంటింటా ఒకటే మాట, సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలని. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మా వాళ్లు కూర్గ్, చిక్కమగళూరు అంటారు. అమెరికాలో ఉన్నవాళ్లు యోసెమిటీ ముచ్చట్లు చెబుతారు. అక్కడ హాఫ్ డోమ్ అనే బండకొండ చివరి ఎక్కుడు ఇనప తాళ్లు పట్టుకుని ఎక్కాలి. 2010 నుంచి ఆ తాళ్ల దారికి అనుమతి తప్పనిసరి చేశారు. మార్చిలోనే లాటరీకి దరఖాస్తు పెట్టాలి, రోజుకు దాదాపు 300 మందినే వదులుతారు. కెనడా పడమటి కొసన బ్రిటిష్ కొలంబియాలో బౌరాన్ సరస్సుల పార్కు ఉంది. తెడ్డు వేసుకుంటూ, సరస్సుకూ సరస్సుకూ నడుమ పడవను ఈడ్చుకుంటూ 116 కిలోమీటర్లు చుట్టి రావాలి. అక్కడికీ ముందే పేరు రాయించుకోవాలి. ఎప్పుడు బయల్దేరాలి, ఎంతమంది పోవచ్చు, ఆపద వస్తే ఎవరిని పిలవాలి అనేవి ఇల్లు కదలకముందే అక్కడి మనిషికి తెలుస్తాయి.

రాయదుర్గం కొండ ఎక్కుదామనుకునేవాడికి అందులో ఒక్కటీ తెలియదు. ఈ లేఖ అందుకే రాస్తున్నాను. రోప్‌వే అడగడం లేదు, రిసార్టు అడగడం లేదు. ఒక మామూలు కుటుంబం ముందుగా ఆలోచించుకుని, భయం లేకుండా వచ్చి, కొండ ఎక్కి, నీళ్లుంటే పుట్టి పడవ ఎక్కి, క్షేమంగా ఇంటికి పోయే ఏర్పాటు చేయమని అడుగుతున్నాను.

రాష్ట్రానికి పడమటి అంచు మాది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు ఇటు వచ్చినవాళ్లం. ఇటు ఆంధ్రకూ అటు కర్ణాటకకూ మేం చివరి ఊరే. బళ్లారి 50 కిలోమీటర్లు, రైలుంది. అయినా హంపి చూడ్డానికి బళ్లారి దాకా వచ్చిన తెలుగువాళ్లు మా వైపు తిరిగి చూడరు.

చూస్తే కనబడేది చిన్న కొండేమీ కాదు. సముద్రమట్టానికి 2,700 అడుగుల పైచిలుకు ఎత్తు. ఒకప్పుడు బోయ నాయకుల చేతిలో ఉండేదనీ, వాళ్లను లొంగదీయడానికి విజయనగర ప్రభువులు పంపిన భూపతిరాయల పేరు మీదే భూపతిరాయకొండ అయిందనీ పాత గెజిటీర్లు చెబుతాయి. దిగువన దశభుజ గణపతి. పైకి పోయేకొద్దీ ద్వారం తర్వాత ద్వారం, బురుజులు, పాడుబడ్డ గుళ్లు. రససిద్ధుల ఆశ్రమం అని పిలిచే చోట జైన శిల్పాలున్నాయి. బండల సందుల్లో దొనలున్నాయి. వాటిలో ఏ దొనలో నీళ్లు ముందు ఇంకిపోతాయో, ఏ దొనలో ఎండలు ముదిరేదాకా నిలుస్తాయో మేకలు కాసేవాళ్లకు తెలుసు. అక్కడికి చేరే దారి ఏ బోర్డు మీదా రాసి లేదు.

చిక్కంతా సెలవులతోనే వస్తోంది. బడులకు సెలవులు ఎండాకాలంలో ఇస్తారు, మా కొండ ఎండాకాలానిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. తొమ్మిది కొట్టేసరికి బండ మీద చెయ్యి ఆనించలేం. అలాగని చీకటితో బయల్దేరదామా అంటే, మా చుట్టుపక్కల గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి, చిరుతలూ తిరుగుతుంటాయి. ఎలుగు ఎక్కువగా రాత్రిపూట, మసక వెలుతుర్లో తిరిగే జంతువు. ఎలుగు పక్కకు తప్పుకునే వేళకూ బండ కాగే వేళకూ మధ్య దొరికేది రెండు మూడు గంటలు. ఆ కాస్త వేళను ఎలా వాడుకోవాలో తెలిసిన మనిషి తోడు లేకుండా వేసవిలో పిల్లలతో కొండ ఎక్కడం ప్రమాదం. ఈ మాట మీ సంస్థ నోటితో చెప్పాలి. వేసవిలో తెల్లవారాక ఎక్కి ఎనిమిదికల్లా దిగాలనీ, తోడు మనిషి లేనిదే వదలమనీ, అసలైన కాలం వానలు పడ్డాక సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనీ రాసి పెట్టండి. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు ఆ నెలల్లోనే ఉన్నాయి. ప్రచారమంతా వాటి మీద పెట్టండి. దసరా నాటికి సీతాఫలాలు కూడా వస్తాయి. పండు కోసం ఎలుగులూ వస్తాయి కాబట్టి అప్పుడూ తోడు మనిషి ఉండాల్సిందే.

పొరుగు రాష్ట్రాలు ఈ పాఠం దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాయి. తమిళనాడులో తేని జిల్లా కురంగణి అడవిలో 2018 మార్చిలో కార్చిచ్చు ట్రెక్కింగ్ బృందాలను చుట్టుముట్టింది, 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 40 దారులను ఆన్‌లైన్ బుకింగ్‌లోకి తెచ్చి, కొండ ప్రాంతాల యువకులకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. కర్ణాటకలో 2024 జనవరిలో కుమార పర్వతం మీద జనం కిక్కిరిసిపోయాక అటవీ శాఖ ట్రెక్కింగ్‌లు ఆపి, ఆన్‌లైన్ బుకింగ్, రోజుకు ఇంతమందేనన్న పరిమితి తెచ్చింది. మా కొండ మీద ఎవరికీ ఏమీ కాకముందే ఈ పని జరగాలని నా పట్టుదల.

ఇక నీళ్ల సంగతి. కరువు సీమలో పడవ విహారమా అని మీ కార్యాలయంలో ఎవరైనా అనుకోవచ్చు. గుమ్మఘట్ట మండలంలో వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. దాదాపు రెండున్నర టీఎంసీలు పట్టేలా, 12 వేల ఎకరాలకు పారేలా కట్టారు. ఎగువన హిరియూరు దగ్గర 1907లో మైసూరు రాజులు కట్టించిన వాణీవిలాస సాగరం ఉంది. అది 1933లో నిండాక మళ్లీ నిండింది 2022లోనే, 89 ఏళ్లకు. పైది పొర్లని కాలమంతా మా తిప్ప నడిమి వంకల మీద, వాగుల మీద ఆధారపడి బతుకుతుంది. చాలా ఏళ్లు అడుగు కనబడుతుంది. నీళ్లు వచ్చిన ఏడు మాత్రం చుట్టుపక్కల ఊళ్ల జనం కట్ట మీద తిరునాళ్లలా చేరతారు. కణేకల్లు చెరువు అలా కాదు. దానికి తుంగభద్ర ఎగువ కాలువ ఆసరా ఉంది, కాలువ పారినన్నాళ్లు భరోసా ఉంటుంది.

కాబట్టి మా దగ్గర పడవ ప్రయాణానికి క్యాలెండరు చూసి తేదీ పెట్టలేం, నీటిమట్టం చూసి పెట్టాలి. జలవనరుల శాఖ దగ్గర ఆ లెక్క రోజూ ఉంటుంది. వారానికోసారి దాన్ని తీసుకుని మీ వెబ్‌సైట్‌లోనూ, రాయదుర్గం బస్టాండులోనూ పెట్టండి. ఇంత మట్టం ఉంటేనే పుట్టి తిరుగుతుంది, అంతకు తగ్గితే ఆపేస్తాం అని రాయండి. తాగునీరు, పైరు ముందు. విహారం ఆ తర్వాతే. మోటారు పడవలు మాత్రం వద్దు. తాగే నీళ్లలో డీజిలు కలపొద్దు, చేపలు పట్టుకు బతికేవాళ్ల వలలు తెంపొద్దు.

పుట్టి ఈ నేలకు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర బుట్టలాంటి గుండ్రటి పడవల్లో జనం నది దాటుతున్నారనీ, లోపల బెత్తం అల్లిక, బయట తోలు ఉంటుందనీ, పదిహేను ఇరవై మంది పడతారనీ, అవసరమైతే గుర్రాలూ ఎద్దులూ కూడా దాటతాయనీ రాశాడు. ఇప్పుడు హంపి పక్కన సణాపురంలో అదే పుట్టి ఎక్కడానికి మా జిల్లా వాళ్లు డబ్బులిచ్చి వస్తున్నారు. మా బెస్తవాళ్లకు తెడ్డు తిప్పడం వాళ్లకంటే తక్కువేమీ తెలియదు. వాళ్ల సంఘాలకే ఈ పని అప్పగించండి. పుట్టికి ఇంతమందే అని పరిమితి పెట్టండి, లైఫ్ జాకెట్ లేనిదే కాలు పెట్టనివ్వకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పడవలో 77 మంది ఉంటే 26 మందే బయటపడ్డారు. ఆ తేదీ మీ సంస్థలో ప్రతి ఉద్యోగికీ గుర్తుండాలి.

ఒక్క చోటికి మాత్రం జనాన్ని తోలకండి. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర హగరి నది ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి పాకుతున్నాయి. ఎడారిలా ఉందని సినిమా వాళ్లు వచ్చి షూటింగులు చేసుకుపోయారు. ఆ ఇసుక కింద రైతుల భూములున్నాయి. గాలి వీచినప్పుడల్లా వాళ్లు మళ్లీ మళ్లీ ఎత్తి పోసుకుంటున్నారు. అది చూసి ఫోటోలు దిగే చోటు కాదు. అక్కడ ఏదైనా చేయాలనుంటే చెట్లు పెట్టించండి.

కొండ, నీళ్లు కలిపితే రెండు రోజుల ప్రయాణమవుతుంది. మూడో రోజు కావాలంటే సరిహద్దు దాటాలి. మొళకాల్మూరు తాలూకాలో బ్రహ్మగిరి, సిద్దాపురం, జటింగ రామేశ్వరం కొండ ఉన్నాయి. ఆ మూడు చోట్లా అశోకుని శాసనాలు 1892లో బయటపడ్డాయి, 1947లో బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వకాలు జరిపాడు. కర్ణాటక పర్యాటక శాఖతో ఒక్కసారి కూర్చుని మాట్లాడితే రెండు రాష్ట్రాల నడక దారి ఒకటవుతుంది. రైలు దిగినవాడికి ఒక పూట భోజనం, ఒక రాత్రి బస మా ఊళ్లోనే దొరికితే, మావాళ్లకు జీన్సు కుట్టే పని తగ్గిన రోజుల్లో ఆ నాలుగు రూపాయలు ఎన్ని ఇళ్లకు ఆసరా అవుతాయో మీకు వివరించక్కర్లేదు.

కొండ మీద అడవి ఒకరి చేతిలో, కోట గోడలు ఒకరి చేతిలో, నీళ్లు ఇంకొకరి చేతిలో ఉంటాయి. మేం ఎవరిని అడిగినా మరొకరి పేరు చెబుతారు. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. ఆ హోదాకు తగ్గట్టు అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టే బాధ్యత మీ సంస్థదే కావాలి.

ఈ ఏడు ఎగువ కాలువకు నీళ్లు వదిలేలోపు మీ అధికారి ఒకర్ని రాయదుర్గానికి పంపండి. జలవనరుల ఇంజనీరునూ అటవీ రేంజరునూ వెంటబెట్టుకుని రమ్మనండి. మేకల కాపర్లనూ బెస్త సంఘం పెద్దలనూ మేం పిలుచుకొస్తాం. పొద్దున్నే దశభుజ గణపతి గుడి దగ్గర కలిసి కొండ ఎక్కుదాం. ఏ దొన దగ్గర నీడ కావాలో, ఏ ద్వారం దగ్గర మెట్లు విరిగాయో, ఏ మలుపులో గుర్తు వేయాలో నడుస్తూనే రాసుకోవచ్చు.

ఇట్లు,
రాయదుర్గం నివాసి