పేరులేని మత్తు

మత్తు అనగానే మన ఇళ్లలో తలపుకు వచ్చేవి సారా, గంజాయి. పిల్లవాడి సంచిలో సారా సీసా కనబడితే తల్లి గుండె జారిపోతుంది. సైకిలు పంక్చరుకు వేసే సొల్యూషన్ గొట్టం కనబడితే మాత్రం పట్టించుకోదు. అపాయమంతా ఈ ఎరుక లేకపోవడంలోనే ఉందని నా అభిప్రాయం.

పంక్చరు జిగురు, రంగులలో కలిపే థిన్నరు, పెట్రోలు వంటివి కొనడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వీటి ఆవిరి ఊపిరితిత్తుల నుండి నెత్తురులోకి, అక్కడినుండి మెదడుకు క్షణాలలో చేరుతుంది. జిగురులోను, థిన్నరులోను ఉండే టొలుయీన్ మెదడును, వినికిడిని, మూత్రపిండాలను క్రమంగా చెరుపుతుంది. గుండె లయ తప్పి మొదటిసారి పీల్చినవాడే ప్రాణం విడిచే ప్రమాదమూ ఉంది. 'ఒక్కసారికి ఏమవుతుంది' అనే మాట ఇక్కడ చెల్లదు.

కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ జరిపి 2019లో వెలువరించిన సర్వేలో, పెద్దలకన్నా పిల్లలే ఎక్కువ శాతం వాడుతున్నట్లు తేలిన మత్తు ఇదొక్కటే. పెద్దలలో 0.58 శాతం కాగా, 10 నుండి 17 ఏళ్ల వారిలో 1.17 శాతం. సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు చేయూత అవసరమని ఆ సర్వే లెక్కగట్టింది. చట్టం చేయి ఇంతవరకు చాలలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో పంక్చరు జిగురు లేదు. వైట్‌నరు, థిన్నరు సీసాల చిల్లర అమ్మకాన్ని 2012లో కేంద్రం నిషేధించింది గాని, జిగురును, పెట్రోలును నిషేధించడం కుదిరే పని కాదు. కాబట్టి కాపలా ఇంటివద్ద, బడివద్ద, అంగడివద్ద ఉండవలసిందే.

సరిహద్దు జిల్లాలలో మనకు మరొక చిక్కు ఉంది. బడిలో చెప్పే హెచ్చరిక ఆ రాష్ట్ర భాషలో ఉంటుంది, డబ్బాపై ఉన్నది ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు తప్ప మరొకటి చదవలేని తల్లికి ఈ రెండూ అందవు. ఒక ప్రాంత జనాభాలో 15 శాతమో అంతకు మించియో ఉన్న భాషా అల్పసంఖ్యాకులకు ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి నుడిలోనే ఇవ్వాలన్నది మనకున్న రక్షణలలో ఒకటి. పిల్లల ప్రాణానికి సంబంధించిన హెచ్చరికకన్నా ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? హోసూరు, బళ్లారి, రాయగడ వంటి చోట్ల మన సంఘాలు జిల్లా అధికారులను మొదట అడగవలసింది ఇదేనని నేనంటాను.

అంతవరకు మనమే చెప్పుకుందాం. బట్టలనుండి రసాయనపు వాసన, నోటిచుట్టూ పుండ్లు, ఎర్రబడిన కళ్లు, తడబడే మాట, తగ్గిన ఆకలి కనబడితే అనుమానించాలి. పీలుస్తూ పట్టుబడిన పిల్లవాణ్ణి ఉన్నపళంగా తరమకండి, కొట్టకండి. ఆ అదురుకే గుండె ఆగవచ్చు. గాలి తగిలేచోట కూర్చోబెట్టండి, దగ్గరలో నిప్పు లేకుండా చూడండి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. మాన్పించే సలహాకు 14446, దిక్కులేని బిడ్డ అయితే 1098 ఉన్నాయి.

అంగడివారికి ఒక్క మనవి. సైకిలు లేని పిల్లవాడు రోజూ సొల్యూషన్ అడిగితే ఎందుకని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఒక ఇంటిని నిలబెట్టవచ్చు.